కఱవు నేలలో శిలీంధ్రమూలములు

క్రీ. శ. 1388వ సంవత్సరమున విజయనగర రాజకుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో కొలువుదీరి ఒక ఆజ్ఞ యిచ్చెను. నీరు ప్రాణికోటికి ఆధారము గనుక, ప్రజల సుఖము కొఱకు హెన్నె నదిని పెనుకొండకు తీసికొని రావలెనని ఆ యాజ్ఞ సారాంశము. హెన్నె యనగా మన పెన్న. ఆ భారమును తలదాల్చినవాడు సింగయభట్టు. అతడు జలసూత్ర విద్యలో ఆఱితేరినవాడు. శాసనము అతనిని పది విద్యలలో చక్రవర్తి యని కొనియాడుచున్నది. అతడు కాలువ త్రవ్వించి సిరువేర చెఱువునకు నీరు చేర్చి, ఆ కాలువకు రాజకుమారుని పేరు పెట్టెను.

ఆఱు శతాబ్దులు దాటినను ఈ సీమలో ప్రజల తలపు నీటి మీదనే యున్నది. చెఱువు, కాలువ, దిగుడుబావి, బోరుబావి - ఇక్కడి చరిత్ర యంతయు వీని చుట్టు తిరుగుచుండును. అందులో వింత లేదు. అయితే ఏ రాజును త్రవ్వింపని కాలువలు మఱికొన్ని ఈ నేలలోనే కలవు. పట్టుపురుగు తీసిన ఒంటి పోగు కంటెను అవి తఱచు సన్నముగా నుండును. మొక్క వేరులో సగము, మట్టిలో సగము కాపురముండు ఒక జాతి బూజు ఆ కాలువలను అల్లుచున్నది. ఆ బూజునకును వేరునకును గల పొత్తును శాస్త్రజ్ఞులు మైకోరైజా అందురు. మనము శిలీంధ్రమూలము అనవచ్చును. ఈ పొత్తు మనుష్యుని కంట ఎట్లు పడినది, దానిని తెగలుగా ఎట్లు విభజించిరి, హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల మెట్టసేద్యమునకు దానితో నిమిత్తమేమి అను విషయములను శ్రోతలతో ముచ్చటింపగోరుచున్నాము.

ముందు నేల సంగతి. ఎడారి యనగానే మన మనస్సున ఇసుక తిన్నెలు, ఒంటెలు మెదలును. అనంతపురపు సీమలోను ఇసుక తిన్నెలు లేకపోలేదు. కణేకల్లు, బొమ్మనహాళు వైపున వేదవతి ఒడ్డు నుండి గాలికి లేచిన ఇసుక పొలములను కప్పివేయుచున్నది. కాని మనము చెప్పుకొనుచున్న మూడు పట్టణముల పరిసరము అట్టిది కాదు. ఇది ఎఱ్ఱగరుసు నేల, రాతిగుట్టల నేల. తుమ్మ, రేగు, కానుగ, సీతాఫలము పెరుగు నేల. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలు దాటి వచ్చుసరికే బరువు దించుకొని వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున కురిసి, మిగిలినది మాత్రమే ఇటు పంపును. అనంతపురము పూర్వపు జిల్లాలో సాలుసరి సగటు వాన రమారమి 550 మిల్లీమీటర్లు. భారతదేశమున ఉష్ణ శుష్కభూమి సుమారు 3 కోట్ల 17 లక్షల హెక్టారులని లెక్క. అందులో నూటికి 61 పాళ్లు రాజస్థానమునను, 20 పాళ్లు గుజరాతునను కలవు. ఆంధ్ర కర్ణాటకములకు కలిపి వచ్చిన వాటా 10 పాళ్లు. ఆ వాటాలో పెద్ద తునక అనంతపురపు సీమదే. ఈ మూడు పట్టణములు 2022 ఏప్రిల్ నెలలో అనంతపురము జిల్లా నుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. జిల్లా మాఱినంత మాత్రమున వాన మాఱలేదు.

ఇట్టి నేలలో మొక్కకు నీటి తరువాత పెద్ద కొఱత భాస్వరము. నత్రజని కొఱతకు ఒక ఉపాయము కలదు: వేరుశనగ, కంది, అలసంద మొదలగు పైరుల వేరు బుడిపెలలో చేరిన సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి యిచ్చును. భాస్వరమునకు గాలిలో నిలువ లేదు. అది మట్టిలోనే, ఎఱ్ఱనేలల యందు ఇనుముతోను అల్యూమినియముతోను గట్టిగా పెనవైచుకొని యుండును. నీటిలో కరగి కదలునది మిక్కిలి స్వల్పము. కదలిక మిక్కిలి మెల్లన. అందుచే వేరు తన చుట్టు ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర భాస్వరమును పీల్చివేసి, ఆపైన ఆకలితో నుండును. కూతవేటు దూరమున ధాన్యపు కొట్టు ఉండియు నడువలేని వాని స్థితి యది. శిలీంధ్రపు పోగులు ఆ పాడుబడిన వలయమును దాటి, సెంటీమీటర్ల కొలది ముందుకు పోయి, వేరు దూరలేని సందులలో దూరి భాస్వరమును తెచ్చును. జింకును తెచ్చును. అందుకు ప్రతిఫలముగా మొక్క తాను ఎండలో వండుకొన్న ఆహారములో కొంత భాగమును శిలీంధ్రమునకు ఇచ్చును. ఆ భాగము కొన్ని వేళల నూటికి ఇరువది వఱకు పోవునని కొలిచినవారు చెప్పుదురు. మన సీమ వడ్డీలు ఎఱిగిన వారికి ఇది అన్యాయముగా తోపదు.

ఈ వ్యాపారము ఎంత ప్రాచీనమనగా, స్కాట్లండులోని రైనీ అను చోట రాతిగా మాఱిన 40 కోట్ల యేండ్లనాటి మొక్కలలో దీని ఆనవాళ్లు కనబడినట్లు 1994లో ప్రకటించిరి. నిజమైన వేళ్లు ఏర్పడకమునుపే మొక్కలు ఈ పొత్తు కుదుర్చుకొన్నవన్నమాట.

మనుష్యునకు మాత్రము ఇది తెలిసి నూటనలువది యేండ్లే అయినది. మన భాష పుట్టగొడుగు అను మాటను చాల కాలము క్రిందటనే కట్టుకొన్నది. చెదల పుట్టకును గొడుగునకును గల సంబంధమును మన పెద్దలు కంటితో చూచి పేరు పెట్టిరి. వేరు లోపలి సంబంధము కంటికి ఆననిది గనుక పేరు లేక మిగిలిపోయినది. దానికి పేరు పెట్టినవాడు బెర్లిన్ నగరపు వృక్షశాస్త్రాచార్యుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్. సంవత్సరము 1885. ఆయనకు ప్రష్యా ప్రభుత్వము అప్పగించిన పని వేఱు. ట్రఫుల్ అనునది ఓక్ మొదలగు చెట్ల క్రింద నేలలో పెరుగు ఒక శిలీంధ్రము. ఐరోపా ధనికులకు అది పరమ రుచి. దానిని సేద్యము చేయు మార్గము కనుగొనుమని ప్రభుత్వము కోరెను. ట్రఫుల్ సేద్యము ఫ్రాంకు చేతిలో ఫలింపలేదు గాని, చెట్ల వేళ్ల కొసలు శిలీంధ్రపు తొడుగుతో కప్పబడి యుండుట ఆయన చూచెను. ఇది తెగులు కాదు, చెట్టును పోషించు దాది యని వాదించెను. అంతకు కొలది కాలము మునుపే, 1881 ప్రాంతమున, పోలండుదేశీయుడు కామియెన్‌స్కీ పత్రహరితము లేని మోనోట్రోపా అను మొక్క విషయమున ఇట్టి యూహనే వెలిబుచ్చియుండెను. అయినను శిలీంధ్ర మనిన తెగులని నమ్ముటకు అలవాటుపడిన ఆనాటి పండితులు పలువురు ఫ్రాంకు మాటను అంగీకరింపలేదు. వారిని తప్పు పట్టుట తేలిక. కాటుక, కుంకుమ, త్రుప్పు తెగుళ్లతో నష్టపడిన దేశములలో శిలీంధ్రమును మిత్రమని చెప్పినవానిని వెంటనే నమ్ముట మాత్రము తేలిక కాదు.

1887లో ఫ్రాంకు ఈ పొత్తును రెండు తెగలుగా విభజించెను. వేరునకు పైన తొడుగు వేసి, లోపలి కణములలోనికి దూరనిది బాహ్య శిలీంధ్రమూలము. కణములలోనికి చొచ్చుకొని పోవునది అంతశ్శిలీంధ్రమూలము. పైన్, ఓక్, మన ఉత్తరాంధ్రపు గుగ్గిలపుచెట్టు మొదటి తెగవి. ఆర్కిడ్ జాతి మొక్కలకు వేఱొక పద్ధతి కలదు. మన సీమకు కావలసినది రెండవ తెగలోని ఒక శాఖ. జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, వేరుశనగ, కంది, చింత, వేప, మల్బరీ - ఇవన్నియు ఆ శాఖతోనే చెలిమి చేయును. నీలగిరి చెట్టు రెండు తెగలతోను స్నేహము నెఱపగలది. కొన్ని కుటుంబములు ఎవరితోను పొత్తు పెట్టుకొనవు. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ కుటుంబమును, తోటకూర కుటుంబమును అట్టివి.

ఆ శాఖ రూపురేఖలు తెలియుటకు మఱికొంత కాలము పట్టెను. జావాలో పనిచేసిన జాన్సె 1897లో కణములలో బుడగల వంటి తిత్తులను గమనించెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాల్లో 1905లో కణము లోపల శిలీంధ్రము చిన్న చెట్టువలె కొమ్మలు వేయుటను చిత్రించి దానికి ఆర్బస్క్యూల్, అనగా చిట్టిచెట్టు, అని పేరు పెట్టెను. ఇచ్చిపుచ్చుకొనుట జరుగు అంగడి ఆ చిట్టిచెట్టే. ఇంతకును ఈ శిలీంధ్రము ఏది? దాని పేరేమి? దాని విత్తన మెక్కడ? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకుటకు ఇంకను అరువది యేండ్లు పట్టెను. ఆ నడుమ మన దేశముతో సంబంధము గల ఒక పెద్దమనిషి కనబడుచున్నాడు. ఆయన ఎడ్విన్ జాన్ బట్లర్. బీహారులోని పూసా పరిశోధనాలయమున ఇంపీరియల్ మైకాలజిస్టు అను పదవిలో పనిచేసి, భారతదేశమున శిలీంధ్రశాస్త్రమునకు పునాది వేసినవాడు. పదవి విడిచి స్వదేశమునకు పోయిన తరువాత 1939లో ఆయన అప్పటివఱకు లోకమున జరిగిన పరిశీలనల నన్నిటిని ఒకచోట కూర్చి, ఈ వేరుశిలీంధ్రములు ఎండొగొని కుటుంబమునకు చెందవలెనని వ్రాసెను. ప్రయోగము చేత కాక, చదువు చేతను వివేకము చేతను చేసిన ఊహ యది. చాల దూరము సరిగానే పోయెను.

ప్రయోగము చేసి చూపినది ఇంగ్లండు దేశపు బార్బరా మాస్. 1953లో ఆమె స్ట్రాబెరీ వేళ్లలోని శిలీంధ్రమునకును, మట్టిలో దాని వెంట నున్న సిద్ధబీజములకును అవిచ్ఛిన్నమైన సంబంధమును చూపెను. ఆ బీజములతోనే కొత్త మొక్క వేళ్లలో పొత్తును కలిగించెను. అటుపిమ్మట 1963లో గెర్డిమన్, నికోల్సన్ అను ఇరువురు మట్టి నుండి ఈ బీజములను వేఱుచేయు పద్ధతిని ప్రకటించిరి. దానిని వినిన మన గృహిణులు నవ్వుకొందురు. మట్టిని నీళ్లలో కలిపి, బరువైనది అడుగున దిగనిచ్చి, తేలిక నీటిని సన్నని జల్లెడల మీదికి వంచుటయే ఆ పద్ధతి. అనగా బియ్యము గాలించుటయే. ఇంతటి సులభోపాయము దొరకిన తరువాతనే లోకమందలి ప్రతి పొలము, ప్రతి ఎడారి పరిశీలనకు వచ్చెను. 1970లో ఫిలిప్స్, హేమన్ వేళ్లను క్షారములో కాచి తెల్లబఱచి, నీలిరంగు అద్ది లోపలి శిలీంధ్రమును చూచు మార్గము చెప్పిరి. నేటికిని కళాశాలలలో విద్యార్థులు చేయునది ఈ రెండు పనులే.

జల్లెడపై మిగిలిన బీజములు చూచుటకు ముచ్చటగా నుండును. తెలుపు, తేనెరంగు, ఎఱుపు, నలుపు పూసలు. వానిలో మిక్కిలి పెద్దవి గసగసాల గింజలో సగముండును. వీని గోడల పొరలను, బీజము పోగునకు తగులుకొన్న తీరును చూచి తెగలు ఏర్పఱచిరి. 1974లో గెర్డిమన్, ట్రాపీ అను అమెరికనులు పాత ఎండొగొనిని విడదీసి గ్లోమస్, స్క్లీరోసిస్టిస్, జైగాస్పోరా, అకాలోస్పోరా మొదలగు ప్రజాతులను నిలిపిరి. 1986లో జైగాస్పోరా నుండి స్క్యుటెల్లోస్పోరా విడిపోయెను. 1990లో ఇవి గ్లోమేలీస్ అను క్రమమయ్యెను. 2001లో షూస్లర్, వాకర్ మొదలగువారు కణములలోని జన్యుద్రవ్యమును పరీక్షించి, ఇవి ఇతర శిలీంధ్రముల నుండి ఎంతో దూరముగా నున్నవని గ్లోమెరోమైకోటా అను ప్రత్యేక విభాగమునే ఏర్పఱచిరి. 2016లో మఱికొందరు దానిని తిరిగి ఉపవిభాగముగా దించిరి. ధర్మవరపు చీరను అంచు చూచి పోల్చుట ఒక పద్ధతి. పడుగు పేక పోగులు విప్పి లెక్కించుట మఱియొక పద్ధతి. మొదటి పద్ధతిలో అక్కచెల్లెండ్రనుకొన్నవి రెండవ పద్ధతిలో ఏ బంధుత్వమును లేనివిగా తేలినవి.

ఒక్క శిలీంధ్రపు పేరు కథ చెప్పిన చాలును. 1968లో మాస్ గౌరవార్థము ఒకదానికి ఎండొగొని మాసియె అని పేరు పెట్టిరి. 1974లో అది గ్లోమస్ మాసియె అయ్యెను. 2010లో ఫన్నెలిఫార్మిస్ మాసియె అయ్యెను. ఇంటిపేరు రెండుమార్లు మాఱినను ఆమె పేరు నిలిచినది. మన దక్షిణాది ప్రయోగశాలలలో విరివిగా వాడబడిన గ్లోమస్ ఫాసిక్యులేటం కూడ ఇప్పుడు రైజోఫాగస్ ఫాసిక్యులేటస్. పాత గ్రంథములు చదువువారికి ఇది తలనొప్పియే. ఈ జాతికి లైంగిక సంతానోత్పత్తి స్పష్టముగా కనబడకపోవుట, వేరు తోడు లేకుండ సీసాలో పెంచుట కష్టమగుట, ఒక్కొక్క బీజములో వందల కొలది కేంద్రకములుండుట - ఇవన్నియు వర్గీకరణను చిక్కుపఱచినవి. ఇప్పటికి పేరు పొందినవి మూడు వందలకు పైబడి యున్నవి.

ఆ మూడు వందలలో ఎడారికి చేరిన వేవి? 2014లో ఓమాన్ దేశపు ఎడారిలో ఒకే స్థలమున మూడు కొత్త జాతులు దొరకినవి. అందులో రెండింటికి ఓమాన్, అరబ్బు దేశముల పేర్లనే పెట్టి, ఒకదానిని డైవర్సిస్పోరా ఓమానియానా అనియు, ఒకదానిని రైజోఫాగస్ అరబికస్ అనియు పిలిచిరి. మూడవది సెప్టోగ్లోమస్ నఖీలం. నఖీల్ అనిన అరబ్బీలో ఖర్జూరపు చెట్లు. ఇట్టివి వినినప్పుడు ఎడారికొక ప్రత్యేక జాతి యుండునని తోచును. కాని 2015లో ఖండఖండముల వేళ్లను పరీక్షించి ప్రకటించిన ఒక పెద్ద పరిశీలనలో నూటికి 93 తెగలు ఒకటి కంటె ఎక్కువ ఖండములలో కనబడినవి. కనుక చోటును బట్టి కొత్త జాతి పుట్టుటకంటె, ఉన్న జాతులలో ఏవి నిలిచినవి అనునదే ఎక్కువ విలువైన ప్రశ్నయని మా అభిప్రాయము. పొడి నేలలలో సాధారణముగా గ్లోమస్ వంశము వారిదే పైచేయి. వారి బీజములు చిన్నవి, త్వరగా తయారగును. వారి పోగు తెగినను తునక నుండి మరల మొలచి, తెగిన కొసలను అతుకుకొనును. జైగాస్పోరా వంశము వారి బీజములు పెద్దవి. వారికి బీజమే దిక్కు, తునకలతో బ్రదుకుట చేతకాదు. పలుమార్లు దున్నిన పొలమున మొదట కనుమరుగగువారు వీరే.

ఈ విషయము మన రైతునకు ముట్టునది. ఈ సీమలో ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వేరుశనగ చిఱుధాన్యములను త్రోసి పొలమంత పఱచుకొనెను. వేరుశనగకు ఇతర పైరులవలె గుబురైన నూగువేళ్లు లేవు. శిలీంధ్రముపై దాని యాధారము అందుకే ఎక్కువ. ఆ పైరు ఖరీఫులో నాలుగు నెలలు నేలమీద నుండును. తక్కిన ఎనిమిది నెలలు మెట్టపొలము బోడిగా ఎండును. వాన తప్పిన యేట విత్తనమే పడదు. శిలీంధ్రమునకు పచ్చని వేరు లేనిదే తిండి లేదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండు రైతులు చాల కాలము బీడు పెట్టిన పొలములలో పైరు గిడసబారుటను చూచి కారణము తెలియక వగచుచుండిరి. ఆ కాలములో నేలలోని శిలీంధ్రము క్షీణించుటయే కారణమని 1987లో తేలెను. మన కఱవు యేండ్ల తరువాతి పైరునకును ఈ మాట వర్తింపక మానదు. గట్టుమీది కానుగ, కంచెలోని రేగు, పొలములో మిగిలిన గడ్డి, నడుమ సాళ్లలో నిలిచియుండు కంది - ఇవి ఎండకాలము శిలీంధ్రమునకు సత్రములు. గట్లు నున్నగా గీకి శుభ్రపఱచుటను కొందరు మంచి సేద్యమనుకొందురు. మేము ఆ మాట ఒప్పుకొనజాలము.

శిలీంధ్రము కఱవును తట్టుకొనుటకు తోడ్పడునను మాట తఱచు వినబడును. అది నిజమే గాని, దానిని పెంచి చెప్పరాదు. పోగులు నేరుగా తెచ్చు నీరెంత అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. భాస్వరము చాలినంత అందిన మొక్క వేరు లోతునకు పోవుటయు, మట్టి రేణువులను పోగులు కట్టిపడవేసి గాలికి లేచిపోకుండ ఆపుటయు ఎక్కువ ముఖ్యమైనవని తోచుచున్నది.

మన దేశమున ఈ విద్యకు ముఖ్య కేంద్రములలో ఒకటి హిందూపురమునకు దక్షిణముగా వంద కిలోమీటర్ల దూరములోనే యున్నది. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున డి. జె. బాగ్యరాజ్, మంజునాథ్ కలిసి రాగి, ప్రత్తి, అలసంద పైరులకు ఈ శిలీంధ్రమును చేర్చి చూచి 1980లో ఫలితములు ప్రకటించిరి. అందలి విశేష మేమనగా, వారు మట్టిని కాచి సూక్ష్మజీవులను చంపలేదు. పొలములో నుండు మట్టిని ఉన్నదున్నట్లు తీసికొనిరి. కాచిన మట్టిలో ఏ శిలీంధ్రము చేర్చినను మొక్క ఏపుగా పెరుగును, అది ప్రదర్శనము. స్థానికుల పోటీ నడుమ పెరిగినదే పరీక్ష. రాగి సంగటి తిను సీమకు ఆ పరీక్ష తనదే యనిపింపవలెను. 1988లో మదరాసున ఈ విషయమై ఆసియా ఖండపు మొదటి సమావేశము జరిగెను. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమున సి. మనోహరాచారి ప్రభృతులు ఈ శిలీంధ్రములను గుర్తించి వర్ణించుటకు పాటుపడిరి. 2004లో ఒకదానికి గ్లోమస్ హైదరాబాదెన్సిస్ అని నామకరణము జరిగెను. హైదరాబాదు నగరము పేరు లాటినులో అట్లు చేరినది.

ఇప్పుడు అంగడిలో శిలీంధ్రపు పొడి సంచులలో దొరకుచున్నది. కొనవలెనా అని రైతు అడుగును. స్థానిక శిలీంధ్రము పుష్కలముగా నున్న పొలములో సంచి పొడి చేయు మేలు స్వల్పము. భాస్వరపు ఎఱువు మిక్కుటముగా వేసిన పొలమున అసలే పని చేయదు. పొట్ట నిండిన మొక్క పొత్తును తిరస్కరించును. పనికివచ్చు చోటు నారుమడి. కొత్తగా త్రవ్విన గొయ్యి మట్టితోను ఇసుకతోను నింపిన ప్లాస్టికు సంచులలో శిలీంధ్రము ఉండనే యుండదు. ధర్మవరపు మగ్గములకు పట్టు కావలెను, పట్టునకు పురుగు, పురుగునకు మల్బరీ ఆకు. హిందూపురము పట్టుగూళ్ల అంగడికి పేరుపొందినది. దాని ప్రక్కనున్న కిరికెరలో పట్టుపరిశ్రమ పరిశోధనాసంస్థయే కలదు. మల్బరీ కొమ్మలను నారుమడిలో నాటునప్పుడే శిలీంధ్రమును చేర్చినచో తరువాత భాస్వరపు ఎఱువును కొంత తగ్గింపవచ్చునని పరిశోధనలు చెప్పుచున్నవి. చింత, కానుగ, వేప నారునకును ఇదే మాట.

సంచి కొనలేనివారికి ఇంకొక దారి యున్నది. పైన్ చెట్లు లేని ఉష్ణదేశములలో మొదట నాటిన పైన్ నారు పసుపుబారి గిడసబారినప్పుడు, అటవీ అధికారులు పెరిగిన పైన్ తోపుల నుండి మట్టి తెప్పించి నారుమడులలో కలిపిరి, నారు తేఱుకొనెను. ఆ శిలీంధ్రము వేఱు, మన శిలీంధ్రము వేఱు. ఉపాయము మాత్రము ఒక్కటే. ముదురు చింత క్రింద, ఆకురాలు తొలగించి, సన్నని పీచువేళ్లు కనబడు వఱకు జానెడు లోతు త్రవ్వి, ఆ వేళ్లతో సహా మట్టిని తీసి నారుమడి మట్టిలో పదింట ఒక పాలుగా కలుపవలెను. తెగులు తగిలిన చెట్టు క్రింది మట్టి తీయరాదు. తీసిన మట్టిని ఎండలో ఆరబెట్టక, నీడను ఉంచి, వారము లోపల వాడుకొనవలెను.